డాక్టర్లు... యాక్టర్లు... మధ్యలో సిగరెట్టు!

‘రాముడు భీముడు’ గుర్తుందా? మీకెక్కడ గుర్తుంటుందిలెండి, 1964 నాటి చిత్రం! మీ తాతగారినడగండి, చెబుతారు. ఎన్.టి.రామారావుగారి ద్విపాత్రాభినయం, తాపీ చాణక్య దర్శకత్వం, రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ నిర్మాణం. వీటన్నిటితో పాటు ఆ చిత్రంలో మరో ఆకర్షణ ఉంది. రేలంగి, గిరిజల మీద తీసిన సిగరెట్టు పాట! రాసింది కొసరాజు. పాడింది మాధవపెద్ది సత్యం, జమునారాణి. ఆయనేమో సిగరెట్టును ఆకాశానికెత్తుతాడు. ఆవిడేమో దాన్నే నేలకేసి నలిపేస్తుంది. ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేది ఇదేనని డాక్టర్లు తేల్చేశారయ్యా అని ఆవిడ మొత్తుకుంటే, పేరున్న యాక్టర్లెవరూ ఆ మాట ఒప్పుకోవడం లేదుగా అని ఆయన కొట్టిపారేస్తాడు.

హాలు హాలంతా గొల్లుమని ఉంటుంది. ఆ నవ్విన వాళ్లలో ఎంతమంది వేళ్ల మధ్య బీడీయో, సిగరెట్టో వెలుగుతూ ఉందో!

చిత్రమేమిటంటే, సరిగ్గా అదే ఏడాది జనవరి 11న అమెరికాలో సర్జన్ జనరల్‌గారి నివేదిక బయటికొచ్చింది. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న చుట్టరికాన్ని ఆ దేశ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్న సందర్భమది. షేర్ మార్కెట్టు గందరగోళపడకుండా శనివారం చూసుకుని మరీ విడుదల చేశారు. అక్కడ డాక్టర్లు చెప్పిన మాట కొద్ది నెలలకే ఇక్కడ నేలక్లాసు ప్రేక్షకుడి చెవిన పడిందన్నమాట. అదీ డ్యూయెట్ రూపంలో! మన కొసరాజుగారు మామూలువారా?

అలా మొదలైంది డాక్టర్లకూ యాక్టర్లకూ తగువు. అరవయ్యేళ్లు దాటింది. ఈ తగువులో చివరికి గెలిచిందెవరు? అదే ఈ వారం మన ముచ్చట.

ముందే ఓ మాట చెప్పేయాలి. నేను సిగరెట్టు తాగుతాను. పదిహేనేళ్ల పైమాటే. కాబట్టి ఇక్కడ ఉపన్యాసం ఉంటుందని భయపడి పేజీ తిప్పేయకండి. సిగరెట్టు మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. సిగరెట్టు తాగేవాణ్ణి జనం చూసే చూపు ఎలా మారుతూ వచ్చిందో, ఆ చూపు మధ్య నిలబడ్డవాడిగా చెప్పగలను. అంతే.

* * *

పూర్వం మనవాళ్లకు పొగ మీద అభ్యంతరం లేదా అంటే, ఉంది. కానీ అది ఆరోగ్యం గురించిన అభ్యంతరం కాదు. మర్యాద గురించి! పెద్దల ఎదుట తాగకూడదు. అంతవరకే. పెద్దలు పక్కకు తప్పుకుంటే ఎవరి దమ్ము వారిది.

గురజాడవారి గిరీశాన్నే తీసుకోండి. ‘కన్యాశుల్కం’ తొలిసారి అచ్చయింది 1897లో. అందులో గిరీశం చుట్ట మహిమను శిష్యుడికి బోధించే తీరు చూస్తే, చుట్టల కంపెనీవాడు కూడా అంత బాగా చెప్పలేడనిపిస్తుంది. 1955లో పి.పుల్లయ్యగారు దాన్ని చిత్రంగా తీసినప్పుడు ఆ గిరీశం ఎన్.టి.రామారావుగారే. గిరీశం కబుర్లన్నీ కోతలేనని గురజాడవారికి తెలుసు. చదివినవాళ్లకీ తెలుసు. అయినా చుట్ట గురించి ఆయన చెప్పిన కోతను మాత్రం మనవాళ్లు నిజంలా కంఠతా పట్టారు!

ఇక పల్లెల్లో చుట్ట తాగే ముసలమ్మల్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ వేడికి నోటిపై అంగిలి దెబ్బతిని క్యాన్సర్ వస్తున్నదని డాక్టర్లు ఎన్నో ఏళ్ల కిందటే పరిశీలించి రాశారు. కానీ ఊళ్లో ఆవిడను ‘మానమ్మా’ అన్నవాళ్లెందరు?

మా నాన్నగారిది చార్మినార్. మన హైదరాబాదు సరుకే. 1930లో పుట్టిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీవాళ్లది. నలభయ్యేళ్లు దాటి, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక కూడా తాతయ్య వీధి మలుపులో కనిపిస్తే చాలు, నాన్న చేతిలోని సిగరెట్టు వీపు వెనక్కి మాయమయ్యేది. పొగ మాత్రం భుజం మీంచి పైకి లేచి ‘ఇక్కడున్నా’నని చాడీలు చెప్పేది! తాతయ్య చూసీ చూడనట్టు వెళ్లిపోయేవాడు. అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. అదే నాన్న ఇంట్లో మా పక్కన మంచం మీద కూర్చుని నిశ్చింతగా తాగేవారు. పిల్లల ఎదుట మర్యాద పాటించాలని ఏ శాస్త్రంలోనూ రాసిలేదు మరి.

మా ఊరి సినిమా హాల్లోనూ ఇదే తంతు. ఆట మొదలయ్యే ముందు ‘పొగ త్రాగరాదు’ అని స్లైడు వేసేవాడు. అది పడగానే అగ్గిపుల్లలు గీసిన చప్పుళ్లు! ప్రొజెక్టర్ గదిలోంచి తెర దాకా సాగే వెలుగులో బీడీ పొగ మెలికలు తిరిగేది. చిన్నప్పుడు తెర కంటే ఎక్కువగా నేను దాన్నే చూసేవాణ్ణి.

* * *

అలాంటి రోజుల్లోంచి వచ్చిన మనవాళ్లకు సిగరెట్టును ‘అలవాటు’ స్థాయి నుంచి ‘స్టయిలు’ స్థాయికి ఎత్తింది మాత్రం నిస్సందేహంగా యాక్టర్లే. 1970 దశకంలో బాలచందర్‌గారి చిత్రాల్లో ఓ కొత్త కుర్రాడు సిగరెట్టును గాల్లోకి ఎగరేసి పెదవులతో పట్టుకోవడం మొదలెట్టాడు. రజనీకాంత్! అక్కణ్నుంచి మద్రాసులోనేమిటి, మదనపల్లెలోనేమిటి, అద్దమున్న ప్రతి గదిలోనూ సాధనే సాధన. ఎన్ని సిగరెట్లు నేలపాలయ్యాయో, ఎన్ని మీసాలు కాలాయో లెక్కలేదు. కాలేజీ హాస్టల్లో మేమూ చేశాం ఆ విద్యాభ్యాసం. పదిసార్లలో ఒకసారి నోట్లో పడేది. పడ్డ ఆ ఒక్కసారీ చూసినవాడు ఎవడూ ఉండడు!

గమ్మత్తు ఏమిటంటే, ఎదుట ఒక ప్రేక్షకుడు ఉంటేనే ఆ సిగరెట్టుకు రుచి. అది పొగ తాగడం కాదు, నటన. మొదటి దమ్ముకు దగ్గొచ్చింది, కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అయినా తాగామంటే పక్కవాడు చూస్తున్నాడనే. తరవాత్తరవాత పక్కవాడు వెళ్లిపోయాడు. సిగరెట్టు ఉండిపోయింది. పొగ పీల్చిన కొద్ది క్షణాలకే నికోటిన్ మెదడు చేరి ‘మళ్లీ కావా’లంటుంది. దానికి మన స్టయిలుతో పనిలేదు.

అదలా ఉంచండి. ఆ రజనీకాంత్‌గారి ‘బాబా’ 2002లో విడుదలైనప్పుడు, అందులోని సిగరెట్ల మీద తమిళనాట డాక్టర్ రామదాస్‌గారి పార్టీ పి.ఎం.కె. పెద్ద గొడవే చేసింది. అభిమానులకు మొదట అర్థం కాలేదు. సిగరెట్టు మీద గొడవేమిటి? అది తలైవర్ సొత్తు కదా! కానీ కాలం మలుపు తిరిగింది అక్కడే. అదే రామదాస్‌గారి కుమారుడు అన్బుమణి 2004లో కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రయ్యారు. 2008 అక్టోబర్ 2న, గాంధీగారి పుట్టినరోజున, బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని దేశమంతటా కట్టడి చేసిన నిబంధనలు అమల్లోకొచ్చాయి. జరిమానా 200 రూపాయల దాకా.

నిజానికి చట్టం అంతకు ముందునుంచే మెల్లిగా నడిచొస్తోంది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న చట్టం 1975 నాటిది. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానాన్ని తప్పుపట్టింది. 2001లో మురళీ దేవరాగారు వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2009 నుంచి పెట్టెల మీద బొమ్మలు మొదలయ్యాయి. 2016కు ఆ బొమ్మ పెట్టెలో నూటికి 85 వంతులు ఆక్రమించేసింది. సిగరెట్టు పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి! అంత పెద్ద పోస్టర్ మన హీరోల కటౌట్‌కి కూడా దక్కదు.

వెండితెర మీద మాత్రం యుద్ధం గట్టిగానే సాగింది. తెరపై పొగే కనిపించకూడదని 2005లో ఆరోగ్యశాఖ నిషేధం పెడితే, మహేశ్ భట్‌గారు కోర్టుకెక్కారు. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2012లో రాజీ కుదిరింది. చూపించుకోండి, కానీ సినిమాకు ముందూ మధ్యలోనూ ఆరోగ్య ప్రకటన వేయండి, పొగ కనిపించినంతసేపూ తెర అడుగున హెచ్చరిక ఉంచండి అన్నారు. ఆ హెచ్చరిక వేయాలంటే నా చిత్రాన్ని భారతదేశంలో విడుదలే చేయనని హాలీవుడ్ దర్శకుడు వుడీ అలెన్ 2013లో ‘బ్లూ జాస్మిన్’ను ఆపేసుకున్నారు. మనవాళ్లు అంత పట్టింపుకు పోలేదు. పైపెచ్చు థియేటర్లలో విని విని నోటికొచ్చేసిన ఆ ప్రకటనలోని మాటలనే తరుణ్ భాస్కర్ తన చిత్రానికి పేరుగా పెట్టేసుకున్నారు. అదే 2018లో వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది?’. పొగ వద్దన్న ప్రకటన సినిమాకు టైటిలయిందంటే డాక్టర్లు సగం గెలిచినట్టే! 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీలకూ ఈ హెచ్చరికలు తప్పనిసరి చేశారు.

మరో తమాషా. 2019లో ‘ఇస్మార్ట్ శంకర్’ షూటింగ్ రోజుల్లో చార్మినార్ దగ్గర సిగరెట్టు వెలిగించినందుకు ఆ చిత్ర కథానాయకుడు రామ్‌కి పోలీసులు 200 రూపాయల చలానా రాశారు. చూశారా! ఏ ఊళ్లో చార్మినార్ పేరుతో సిగరెట్లు తయారై దేశమంతా వెళ్లాయో, ఆ ఊళ్లో చార్మినార్ దగ్గర సిగరెట్టుకు చలానా! మా నాన్నగారి తరం ఈ వార్త చదివితే నమ్మేది కాదు.

* * *

ఇన్ని చట్టాల కంటే నన్ను ఎక్కువగా కదిపినవి చిన్న చిన్న సంగతులు. అద్దె ఇల్లు చూడబోతే ఓనరుగారు పూర్వం రెండే ప్రశ్నలు వేసేవారు, పెళ్లయిందా, మాంసం తింటారా అని. ఇప్పుడు మూడో ప్రశ్న చేరింది. ఓసారి పెళ్లిచూపుల్లో అమ్మాయి సూటిగా అడిగింది.

“సిగరెట్టు తాగుతారా?”

“అప్పుడప్పుడూ...” అన్నాను.

“ఎప్పుడెప్పుడు?” అంది!

ఆ సంబంధం కుదరలేదని వేరే చెప్పాలా?

కానీ పోగొట్టుకున్నది కూడా లేకపోలేదు. అది దాచను. నాలాంటి జీతం లేని జర్నలిస్టుకు ప్రివ్యూ థియేటర్ బయట, స్కూటర్లు పెట్టే మూలన ఉండే వేపచెట్టే ఆఫీసు. ‘అన్నా, అగ్గిపెట్టె ఉందా?’ అన్న ఒక్క మాటతో లైట్‌బాయ్ దగ్గర్నుంచి పెద్ద డైరెక్టర్ దాకా పరిచయమైపోయేవారు. ఏ చిత్రం ఆగిపోయింది, ఎవరికి ఎవరితో పడటం లేదు, ఏ కథ ఎవరి చేతికి వెళ్లింది... అన్నీ ఆ చెట్టు కిందే తెలిసేవి. నేను రాసిన మంచి వార్తల్లో సగం ఆ పొగలోంచి వచ్చినవే. ఇప్పుడక్కడ ముగ్గురం మిగిలాం. కొత్తగా వచ్చిన అసిస్టెంటు కుర్రాళ్లు మంచినీళ్ల సీసాలతో ఎదురుగా నిలబడి, మమ్మల్ని పాత సినిమా పోస్టర్లను చూసినట్టు చూస్తారు.

ఆ ముగ్గురికి తోడు నాలుగో మనిషి ఒకరొస్తారు. ఆయన తాగరు. పేరెందుకుగానీ, చాలా చిత్రాలకు కో-డైరెక్టరుగా పనిచేశారు. కథ చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. నిర్మాత ఒప్పుకోని కథను కూడా ఆయన గొంతులో వింటే అడ్వాన్సు ఇచ్చేసేవాడని ప్రతీతి. పెద్ద హీరోలకు కథ వినిపించాలంటే డైరెక్టర్లు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా సెల్‌ఫోన్‌లో టైపు చేసి చూపిస్తారు.

ఆమధ్య ఓ ప్రివ్యూ రోజున నా జేబులోంచి సిగరెట్టు పెట్టె లాగి, దాని మీది బొమ్మను కాసేపు చూశారు. తరవాత తాపీగా టైపు చేసి నా ముందు పెట్టారు.

“నా స్టిల్లు వేశారేంట్రా!”

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆయనా భుజాలు కదిలించి నవ్వారు, చప్పుడు లేకుండా. నాకు నవ్వు రాలేదు. అలాంటి మాట ఆయన గొంతులోనే పడాలి. ఆ విరుపూ, ఆ సాగదీతా, చివర్న ఆ దగ్గులాంటి నవ్వూ... అవన్నీ ఆ నాలుగు అక్షరాల్లో ఎక్కడున్నాయి? పొగ వల్ల మనిషి చచ్చిపోతాడని పెట్టె మీద రాస్తారు. బతికుండగానే మనిషిలోంచి ఏం పోతుందో నేను చూసింది ఆ రోజే.

* * *

ఆ మాటకొస్తే ఈ కథలో ఒట్టి విలన్లెవరూ లేరు. పొగాకు బోర్డు ఉన్నది మన గుంటూర్లోనే, 1976 నుంచి. ఒంగోలు వైపు ఎంతోమంది రైతులకు పొగాకే పెట్టుబడి, పొగాకే అప్పు, పొగాకే ఆడపిల్ల పెళ్లి. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన ఆడవాళ్ల కూలితోనే పిల్లలు చదువుకున్నారు. ప్రభుత్వం ఒక చేత్తో పన్ను తీసుకుంటుంది, మరో చేత్తో హెచ్చరిక చూపిస్తుంది. ఈ చిక్కుముడి ఒక్క సినిమా పేజీలో విప్పేది కాదు.

కానీ యాక్టర్ల సంగతి చూడండి. 2024 సంక్రాంతికి వచ్చిన ‘గుంటూరు కారం’లో మహేశ్‌బాబు చిత్రమంతా బీడీ కాలుస్తూ కనిపించారు. తరవాత ఇంటర్వ్యూలో ఆయనే చెప్పారు, అవి ఆయుర్వేద బీడీలనీ, వాటిలో పొగాకు లేదనీ, తాను పొగ తాగననీ! పొగాకు బోర్డున్న ఊరి పేరు పెట్టుకున్న చిత్రంలో పొగాకు లేని బీడీ! 1964లో డాక్టర్ల మాట కాదని యాక్టర్లను సాక్ష్యానికి పిలిచిన రేలంగిగారి పాత్ర ఈ ఇంటర్వ్యూ చూస్తే ఏమనేదో! సాక్షి ప్లేటు ఫిరాయించేశాడు మరి.

కుర్రాళ్లను ఇది ఎంత మార్చిందో చెప్పలేంగానీ, దేశం లెక్క మాత్రం కొంచెం మారింది. ప్రభుత్వ సర్వే ప్రకారం 2009-10లో పెద్దవాళ్లలో నూటికి 14 మంది పొగ తాగేవారు. 2016-17 నాటికి అది 10.7కి దిగింది. ఆ దిగినవాళ్లలో నేను లేను. రోజుకో పెట్టె నుంచి నాలుగు సిగరెట్ల దగ్గర ఆగాను. మానేయాలనుకునేవాళ్ల కోసం 2018 నుంచి పెట్టె మీదే ఉచిత టెలిఫోన్ నంబరు వేస్తున్నారు. అది నా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. ఇంకా నొక్కలేదు. అబద్ధమెందుకు?

ఆ నాలుగూ ఎక్కడ తాగుతానంటారా? మా అక్క కూతురికి ఆరేళ్లు. థియేటర్లో చూసిన ఆ ప్రకటనను గొంతు మార్చి మరీ అప్పజెబుతుంది. అది ఇంట్లో ఉందంటే నేను డాబా మీద నీళ్లట్యాంకు వెనక. మెట్ల మీద దాని పట్టీల చప్పుడు వినబడితే నా చెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోతుంది. అచ్చం నాన్న చెయ్యిలాగే. కాకపోతే ఆయన పెద్దవాళ్లకు దాచారు, నేను పసిదానికి దాస్తున్నాను. మారిందేమిటని ఎవరైనా అడిగితే నేను చట్టాలు చెప్పను, ఇది చెబుతాను. తాతయ్యలా అది చూసీ చూడనట్టు పోయే రకం కాదు. “మామయ్యా, చెయ్యి చూపించు” అంటుంది!

ఇక మీకు, ఇంటర్వెల్‌లో హాలు బయటికొచ్చి, అద్దంలో జుట్టు సర్దుకుంటూ మొదటి సిగరెట్టు గురించి ఆలోచిస్తున్న తమ్ముళ్లకు (ఈమధ్య చెల్లెళ్లకు కూడా) ఒక్క షూటింగ్ రహస్యం చెప్పి ముగిస్తాను. సెట్లో నేను చాలాసార్లు చూశాను. హీరో స్టయిలుగా వెలిగిస్తాడు. కెమెరా తిరుగుతుంది. పొగ అందంగా లైట్లలో మెలికలు తిరుగుతుంది. డైరెక్టర్ ‘కట్’ అంటాడు. అనగానే అసిస్టెంటు కుర్రాడు పరుగెత్తుకొచ్చి హీరో వేళ్ల మధ్య నుంచి దాన్ని తీసేసుకుని నలిపేస్తాడు. ఇంకో కుర్రాడు మంచినీళ్లందిస్తాడు. షాట్ ఓకే!

మనకు ఆ ‘కట్’ చెప్పే డైరెక్టర్ ఉండడు, తమ్ముడూ. అదొక్కటే తేడా.